చిన్న ట్రాక్టర్‌కి బ్లాక్ హీటర్: పానా పని గంట, కూలెంట్ పని పూట

మీరు అడిగింది ఇదీ: మినసోటాలో ఊరి బయట ఐదెకరాల స్థలంతో ఇల్లు తీసుకున్నారు, మంచు తోయడానికి సెకండ్ హ్యాండ్‌లో కుబోటా బీఎక్స్ అనే చిన్న డీజిల్ ట్రాక్టర్ కొన్నారు, మైనస్ 20 సెల్సియస్ దగ్గర సెల్ఫ్ కొడితే నీరసంగా రెండు చుట్లు తిరిగి ఆగిపోతోంది. పక్కింటాయన బ్లాక్ హీటర్ పెట్టించమన్నాడు, డీలర్ దగ్గర లేబర్ చార్జీ వింటే గుండె ఆగింది, సొంతంగా పెట్టుకోవచ్చా, లేక ఆన్‌లైన్‌లో దొరికే అయస్కాంతం హీటర్ అతికిస్తే సరిపోతుందా అని.

పెట్టుకోవచ్చు. అయస్కాంతం వద్దు. మిగతాది కొంచెం పొడుగు, టీ పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక గందరగోళం తీసేద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలోనే అది కనబడింది. మన దగ్గర మెకానిక్‌లు గ్లో ప్లగ్గుల్ని "హీటర్లు" అంటారు. తాళం తిప్పి పది సెకన్లు ఆగితే సిలిండర్ లోపల ఎర్రగా కాలేవి అవి, బ్యాటరీ కరెంటుతో పనిచేస్తాయి, మీ బండికి కంపెనీ నుంచే ఉన్నాయి. బ్లాక్ హీటర్ అలాంటిది కాదు. అది ఇంటి కరెంటుతో, అంటే ఇక్కడి 120 వోల్టులతో, ఇంజన్ చుట్టూ తిరిగే కూలెంట్‌ని (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) వేడి చేసే రాడ్డు. బకెట్లో వేసి నీళ్ళు కాచుకునే రాడ్డు లేదూ, దాని తమ్ముడే.

మాది ఆదిలాబాద్ వైపు. జనవరిలో అక్కడ కొన్ని రోజులు పొద్దున 5, 6 డిగ్రీలకి పడిపోతుంది, నాన్న పాత ట్రాక్టర్ ఆ చలికే మొరాయించేది. అమ్మ పొయ్యి మీద గంజు నిండా నీళ్ళు మరిగిస్తే, నాన్న రేడియేటర్‌లో నీళ్ళు కిందికి వదిలేసి ఆ వేడినీళ్ళు పోసేవాడు, ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే బండి టక్కున అందుకునేది. బ్లాక్ హీటర్ అంటే ఆ గంజే, కాకపోతే బండి లోపలే పెట్టారు. (మీరు మాత్రం ఇక్కడ రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోయకండి, ఒక్క రాత్రికే గడ్డకట్టి బ్లాక్ చీలుతుంది.)

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ లేదు కదా, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడితోనే డీజిల్ అంటుకోవాలి. ఇనుము మైనస్ 20లో ఉంటే ఆ వేడిని అదే తాగేస్తుంది. పైగా 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ ఆ చలిలో ముదురు బెల్లం పాకంలా ఉంటుంది, దాన్ని చిలుకుతూ ఇంజన్ తిరగాలి, తిప్పాల్సిన బ్యాటరీకేమో మైనస్ 18 దగ్గర ఉన్న బలంలో సగం కూడా మిగలదు. మీ బీఎక్స్‌లో ఇంకో బరువు కూడా ఉంది, హైడ్రోస్టాటిక్ పంపు, అంటే గేర్ల బదులు ఆయిల్ ఒత్తిడితో బండిని నడిపే పంపు. సెల్ఫ్ కొట్టినప్పుడు చల్లబడి చిక్కబడిన ఆ ఆయిల్‌ని కూడా ఇంజనే తిప్పాలి. "నీరసంగా రెండు చుట్లు" అని మీరు రాసింది చదవగానే నాకు హీటర్ కంటే ముందు బ్యాటరీ మీదే అనుమానం వచ్చింది.

కాబట్టి వంద డాలర్లు పెట్టే ముందు ఒక పొద్దున ఈ పరీక్ష చేయండి. బ్యాటరీని ముందురోజు రాత్రి ఇంట్లోకి తెచ్చి పూర్తిగా చార్జ్ చేసి, పొద్దున బిగించి సెల్ఫ్ కొట్టండి, కొడుతున్నంతసేపూ సైలెన్సర్ వైపు ఎవరినైనా చూడమనండి. చురుగ్గా తిరుగుతూ తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ అంటుకోవడం లేదు, అంటే చలి సమస్య, లేదా గ్లో ప్లగ్గు పోయింది. మీటర్ పెట్టి చూస్తే మంచి గ్లో ప్లగ్గు ఒక ఓమ్‌కి అటూఇటూ చూపిస్తుంది, పోయినది అసలేమీ చూపించదు. మీ ఇంజన్‌లోని మూడు గ్లో ప్లగ్గుల్లో ఒకటి పోయినా ఎండాకాలంలో తెలియదు, చలికాలంలో బయటపడుతుంది. చురుగ్గా తిరిగినా అసలు పొగే లేదంటే డీజిల్ లోపలికి రావడం లేదు, ఈ చలిలో ఎక్కువగా దారిలోనే గడ్డకట్టి ఉంటుంది, దానికి బ్లాక్ హీటర్ ఏమీ చేయలేదు. ఇక్కడ చాలామంది మోసపోతారు: హీటర్ పెట్టించుకుని, రాత్రంతా ప్లగ్గులో ఉంచి, పొద్దున వెచ్చటి ఇంజన్‌ని బ్యాటరీ చచ్చేదాకా తిప్పుతారు, ఫిల్టర్ చూస్తే మైనం. చలికి డీజిల్‌లోని పారఫిన్ మైనంలా పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తుంది. ఆగస్టులో నింపుకున్న డబ్బా జనవరిలో వాడకండి. మినసోటాలో ఎండాకాలం డీజిల్‌లో 20 శాతం దాకా బయోడీజిల్ కలుపుతారు, చలికాలానికి 5కి తగ్గిస్తారు, బయోడీజిల్ ఇంకా తొందరగా గడ్డకడుతుంది. అక్టోబర్ చివర్లో పాతది అయిపోగొట్టి చలికాలం డీజిల్ పోసుకోండి, మరీ చలి రోజులకు నంబర్ 1 (అంత తొందరగా గడ్డకట్టని పలుచటి డీజిల్) కలిపింది అడగండి.

బండి తొందరగా అందుకోవడానికి ఇంజన్ గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే గురించి ఎవరైనా చెప్తే దండం పెట్టి పక్కకి జరగండి. గ్లో ప్లగ్గులున్న ఇంజన్‌లోకి ఈథర్ కొడితే ఎర్రగా కాలుతున్న ప్లగ్గు దాన్ని టైం కాని టైంలో అంటిస్తుంది, పిస్టన్లు, రింగులు విరుగుతాయి. ఒక్కసారి స్టార్ట్ అయితే అలవాటైపోతుంది, ఆ అలవాటు ఖరీదు ఒక ఇంజన్.

సరే, బ్యాటరీ బావుంది, తెల్ల పొగ వస్తోంది, హీటరే కావాలి. ఏ రకం?

అయస్కాంతం హీటర్ ఆయిల్ పాన్‌కి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి, కింద అతుకుతుంది. పాన్ అల్యూమినియం అయితే అసలు అతకదు, ఇనుప పాన్ అయినా సగం వేడి గాలిలోకే పోతుంది, మంచులో ఎగుడుదిగుడు దారిలో ఎక్కడో రాలిపోతుంది. అతికించాలనే ఉంటే జిగురుతో వచ్చే సిలికాన్ ప్యాడ్ నయం, పాన్‌ని బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి అతికించి అంచుల చుట్టూ సిలికాన్ పూయాలి. అది ఆయిల్‌ని వేడి చేస్తుంది, సిలిండర్ గోడల్ని కాదు. బ్లాక్ హీటర్‌కి తోడుగా బాగుంటుంది, బదులుగా కాదు.

కింది రేడియేటర్ పైపుని కోసి మధ్యలో పెట్టే రకం ఒకటుంది. బ్లాక్ దగ్గరికి చెయ్యి పోని బళ్ళకి అదే దిక్కు. కానీ వేడి తనంతట తాను పైకి ఎక్కి ఇంజన్‌లోకి చేరాలి కాబట్టి ఏ కోణంలో పెట్టామన్నది ముఖ్యం, తప్పుగా పెడితే రేడియేటర్ వెచ్చబడుతుంది, ఇంజన్ చల్లగానే ఉంటుంది. పైపు లోపలి సైజు కూడా కొలిచి తెచ్చుకోవాలి.

మూడోది అసలైన బ్లాక్ హీటర్. బ్లాక్ పక్కన గుండ్రంగా, చిన్న గిన్నెలా కనబడే రేకు బిళ్ళ తీసేసి ఆ కన్నంలో పెట్టేది, లేదా బ్లాక్‌కి మర ఉన్న కన్నం ఉంటే అందులో స్క్రూలా బిగించేది. ఆ బిళ్ళని ఇక్కడ అందరూ ఫ్రీజ్ ప్లగ్ అంటారు, నీళ్ళు గడ్డకడితే అది ఊడి బ్లాక్‌ని కాపాడుతుందని కథ చెప్తారు. అప్పుడప్పుడూ ఊడుతుంది కూడా, కానీ అసలు పని అది కాదు. బ్లాక్ పోత పోసేటప్పుడు కూలెంట్ దారుల కోసం లోపల ఇసుక అచ్చు పెడతారు, తర్వాత ఆ ఇసుక బయటికి తీయడానికి మిగిలిన కన్నాలవి, బిళ్ళలతో మూస్తారు.

ఇంజన్ హీటర్ల కథలో ఒక ముఖ్యుడు మీకు దగ్గర్లోనివాడే. నార్త్ డకోటా గ్రాండ్ ఫోర్క్స్‌లో కరెంటు సహకార సంఘం నడిపిన ఆండ్రూ ఫ్రీమన్ సిలిండర్ హెడ్ బోల్టు స్థానంలో పెట్టే హీటర్‌కి 1949లో పేటెంట్ తీసుకున్నాడు. కరెంటు అమ్మేవాడికి ఇంతకంటే మంచి ఆలోచన ఏముంటుంది!

మీ బండికి ఏ కన్నం, ఏ హీటర్ అన్నది యూట్యూబ్ చూసి తేల్చుకోకండి. ఒకే పేరుతో వచ్చిన బళ్ళలో కూడా ఏడాదిని బట్టి మారుతుంది. ఇంజన్ మీద ఉన్న సీరియల్ నంబర్ రాసుకుని పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే బొమ్మతో సహా చూపిస్తారు, కిట్ వాళ్ళ దగ్గరే కొనండి. మీ బండిలో ఉన్నది డీ902 ఇంజన్ అయితే అది మూడు సిలిండర్లు కలిపి 898 సీసీ, ఈ సైజుకి 400 వాట్ల లోపు చాలు. పెద్ద ట్రక్కుది 1000 వాట్లది చవగ్గా దొరికిందని పెడితే అంత కొంచెం కూలెంట్‌లో రాడ్డు దగ్గర ఉడికిపోతుంది. మర బిగించే రకమైతే ఇంకో జాగ్రత్త. జపాన్ ఇంజన్లలో పైపు మర అమెరికన్ మరలా ఉండదు, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత బిగుస్తుంది. అక్కడ పానాకి పైపు తగిలించి బలం చూపించారంటే పోయేది హీటర్ మర కాదు, బ్లాక్ మర.

ఇప్పుడు పని. ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. బానెట్, పక్క రేకు తీయండి, లోడర్ (ముందున్న తొట్టి) ఫ్రేమ్ అడ్డంగా ఉంటుంది, అద్దం, టార్చి పెట్టుకుని ఆ బిళ్ళ దగ్గరికి సుత్తి దెబ్బ ఎలా పడుతుందో ముందే చూసుకోండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రేడియేటర్ మూత తీసి, కింద డ్రెయిన్ తిప్పి కూలెంట్ అంతా వెడల్పాటి ట్రేలోకి దించండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి. ట్రేని గరాజ్‌లో అలా వదిలేసి భోజనానికి వెళ్ళకండి.

బిళ్ళ తీయడంలో ఒక కిటుకుంది. మధ్యలో పొడవకూడదు, ఈ చిన్న ఇంజన్లలో బిళ్ళ వెనకాలే సిలిండర్ గోడ ఉంటుంది. మొద్దు ఉలి గానీ పంచ్ గానీ బిళ్ళ కింది అంచు మీద పెట్టి చిన్నగా కొడుతూ ఉంటే ఆ అంచు లోపలికి, పై అంచు బయటికి వచ్చి, బిళ్ళ తలుపులా అడ్డం తిరుగుతుంది. అప్పుడు కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగాలి. తొందరపడి ఒకేసారి గట్టిగా కొడితే బిళ్ళ మొత్తం లోపలికి పడుతుంది, ఆ తర్వాత అయస్కాంతం పుల్లతో గంట సేపు చేపలు పట్టినట్టే. మిగిలిన కూలెంట్ ఈ దెబ్బకి మీ మోచేతి దాకా కారుతుంది, అది లెక్కలోదే.

కన్నం లోపలి అంచుని సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. తుప్పు పొర ఎక్కడైనా మిగిలితే హీటర్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగ్ అక్కడే కారుతుంది. వేలితో తడిమి చూడండి, కంటికంటే వేలు నయం. ఓ-రింగ్‌కి కొత్త కూలెంట్ కొంచెం రాసి హీటర్ లోపలికి నెట్టండి. రాడ్డు ఏ దిక్కుకి తిరిగి ఉండాలో కిట్ కాగితంలో బొమ్మ ఉంటుంది, దాన్ని గౌరవించండి, ఎందుకంటే రాడ్డు లోపలి గోడకి తగిలిందా, అక్కడ కూలెంట్ తిరగక కాలిపోతుంది. అటూ ఇటూ కొద్దిగా తిప్పితే ఆడుతున్నట్టు తెలియాలి. హీటర్‌ని ఒక చేత్తో బ్లాక్‌కి సమానంగా నొక్కి పట్టుకుని మధ్య స్క్రూ బిగిస్తే, లోపల అడ్డపట్టీ గోడని పట్టుకుంటుంది. కాగితంలో ఎంత చెప్తే అంతే బిగించండి, అది చిన్న స్క్రూ.

ఇంతవరకూ గంట, గంటన్నర. మిగతా పూటంతా కూలెంట్‌దే, నేను తప్పు చేసిందీ అక్కడే.

నా మొదటి హీటర్ 20 నిమిషాలు బతికింది. డిసెంబర్ రాత్రి, గరాజ్‌లో చేతులు కొంకర్లు పోతున్నాయి, కూలెంట్ పోశాను, రేడియేటర్ నిండింది, ఇక పరీక్షిద్దామని ప్లగ్గు పెట్టేశాను. మొదట సన్నగా "స్‌స్‌" అని శబ్దం, బాగుంది అనుకున్నాను, కెటిల్ కూడా అలాగే అంటుంది కదా. తర్వాత చిటచిటలు, ఆ తర్వాత నిశ్శబ్దం. రేడియేటర్ నిండింది నిజమే, కానీ బ్లాక్ లోపల హీటర్ ఉన్న చోట గాలి బుడగ కూర్చుంది. రాడ్డు గాలిలో ఎర్రబడి తెగిపోయింది. బకెట్లో నీళ్ళు లేకుండా రాడ్డు స్విచ్ వేస్తే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ తెలిసిన వాణ్ణే, అయినా చేశాను. మర్నాడు మళ్ళీ కూలెంట్ దించడం, మళ్ళీ కిట్ కొనడం. మా ఆవిడ ఇప్పటికీ "ఆ 20 నిమిషాల హీటర్" అంటుంది.

అందుకని ఇలా చేయండి. బండి ముందు చక్రాలు కొంచెం ఎత్తు మీద ఉండేలా పెట్టి, అన్నిటికన్నా ఎత్తులో రేడియేటర్ మూత ఉందని చూసుకోండి. కూలెంట్ సగానికి సగం డిస్టిల్డ్ వాటర్‌తో కలిపింది, అది మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. సన్న ధారగా పోస్తూ పై పైపుని చేత్తో పిసుకుతూ ఉంటే బుడగలు బుడుబుడుమంటూ పైకి వస్తాయి. నిండాక ఇంజన్ స్టార్ట్ చేయండి (దీనికే ఈ పని మరీ చలి రాకముందు పెట్టుకోమనేది), పై పైపు వేడెక్కేదాకా, అంటే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడపండి, ఆపి పూర్తిగా చల్లారనివ్వండి, మూత తీసి తగ్గింది నింపండి. నేనైతే ఈ తంతు రెండుసార్లు చేస్తాను. హీటర్ అంచు చుట్టూ పొడి కాగితం తిప్పి తడి ఉందేమో చూడండి. అప్పుడు ప్లగ్గు.

ప్లగ్గుకి ముందు మీటర్ పరీక్ష ఒకటి, రెండు నిమిషాల పని. 400 వాట్ల హీటర్ పిన్నుల మధ్య 36 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. 120ని 120తో గుణించి వాట్లతో భాగిస్తే వచ్చేది అదే, మీది వేరే వాట్లయితే మీరే వేసుకోండి. పిన్నుకీ ఇంజన్ ఇనుముకీ మధ్య మాత్రం ఏమీ చూపించకూడదు, చూపించిందంటే కరెంటు బండికి కారుతోంది. ఎర్త్ పిన్ను మాత్రం ఇనుముకి కలిసి ఉండాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు కన్నాల సాకెట్‌లో పెట్టే మన పాత అలవాటు ఇక్కడికి తేవద్దు, తడి మంచులో నిలబడి ఇనుము పట్టుకునేది మీరే.

వైరు సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు, కానీ నేను చూసిన ప్రమాదాలన్నీ వైరుతోనే. హీటర్ నుంచి వచ్చే వైరుని ఫ్యాన్, బెల్టు, సైలెన్సర్, లోడర్ కదిలే జాయింట్లు తగలని దారిలో తెచ్చి, టై వేసి, ప్లగ్గుని గ్రిల్ దగ్గర మూతతో వదలండి. కనెక్షన్‌లో డైఎలెక్ట్రిక్ గ్రీజు కొంచెం పెట్టండి, లేకపోతే రోడ్డు ఉప్పుకి పచ్చగా చిలుమెక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ బయట వాడేది, మూడు పిన్నులది, 14 గేజ్ లేదా ఇంకా లావుది. క్రిస్మస్ లైట్ల సన్న వైరు చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, ఆ వెచ్చదనం ఇంజన్‌కి రావాల్సింది. సాకెట్ జీఎఫ్‌సీఐ (కరెంటు కారితే వెంటనే తెంచేసే ఏర్పాటు) ఉన్నదే వాడండి, అది మాటిమాటికీ పడిపోతుంటే సాకెట్‌ని తిట్టకండి, హీటర్‌నో వైరునో అనుమానించండి. వైరు కొసని స్టీరింగ్ మీదుగా వేసి అప్పుడు ప్లగ్గులోకి తెచ్చే అలవాటు చేసుకోండి, సీట్లో కూర్చోగానే మొహానికి తగులుతుంది. నేను అలా వేయని రోజు గరాజ్ గోడ మీద సాకెట్ డబ్బాతో సహా రోడ్డు దాకా వెళ్ళాను.

ఎంతసేపు పెట్టాలి? రాత్రంతా అక్కర్లేదు. మైనస్ 10 దగ్గర గంటన్నర, మైనస్ 20 దగ్గర రెండున్నర మూడు గంటలు, మైనస్ 30 అయితే నాలుగు. ఆ తర్వాత ఎంతసేపు పెట్టినా ఇంజన్ వేడి పెద్దగా పెరగదు, లోపలికి వచ్చే వేడీ బయటికి పోయే వేడీ సమానమైపోతాయి. బయట వాడే టైమర్ ఒకటి కొని పొద్దున నాలుగుకి ఆన్ అయ్యేలా పెట్టండి, ఏడింటికి హెడ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. 400 వాట్లు మూడు గంటలంటే 1.2 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లనుకుంటే రోజుకి 18 సెంట్లు. బండి మీద, గ్రిల్ ముందు పాత దుప్పటి కప్పితే ఇంకా తొందరగా వేడెక్కుతుంది, స్టార్ట్ చేసే ముందు దుప్పటి తీయడం మర్చిపోకండి.

ఇంజన్ టక్కున అందుకుంది కదా అని వెంటనే లోడర్ ఎత్తకండి. ఇంజన్ వెచ్చబడింది, హైడ్రాలిక్ ఆయిల్ ఇంకా మైనస్ 20లోనే ఉంది. తక్కువ రేజింగ్‌లో పది, పదిహేను నిమిషాలు వదిలి, తర్వాత లోడర్‌ని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, అప్పుడు పనిలోకి దిగండి. పంపు మూలిగినట్టు శబ్దం చేస్తోందంటే ఇంకా ఆగమని చెప్తోంది. అందులో పాత మామూలు యూడీటీ (కుబోటా వాళ్ళ హైడ్రాలిక్) ఆయిల్ ఉంటే ఈసారి మార్చేటప్పుడు సూపర్ యూడీటీ2 పోయండి, చలిలో తేడా మీకే తెలుస్తుంది. ఇంజన్ ఆయిల్ కూడా 5డబ్ల్యూ-40 సింథటిక్‌కి మారొచ్చేమో మీ మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక చూడండి. నా మట్టుకు నాకు, ఆయిల్ మార్చాక మైనస్ 10 దాకా హీటర్ అవసరమే పడటం లేదు.

డీలర్ లేబర్ విషయానికి వస్తే, బండి ఇంకా వారంటీలో ఉంటే, లేదా ఆ బిళ్ళ లోడర్ ఫ్రేమ్ వెనక పూర్తిగా దాక్కుని ఉంటే డబ్బులిచ్చి చేయించుకోండి, నామోషీ ఏమీ లేదు. మీరే చేస్తానంటే ముందు ఆ పక్క రేకు తీసి రెండు ఫోటోలు పంపండి, ఒకటి బిళ్ళకి దగ్గరగా, ఇంకోటి లోడర్ ఫ్రేమ్ కూడా కనబడేలా. సుత్తికి చోటుందో లేదో చూసి చెప్తాను, కూలెంట్ అప్పటిదాకా దించకండి.